మేడారం నుంచి రారిటన్ దాకా: ఆదివాసీ పండుగల పాఠం ఎలా చెప్పాలి

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ పాఠాలు మన బడిలో సులువుగానే నడిచిపోతాయి. ఇంట్లో చేసుకునే పండుగలే కాబట్టి పిల్లలకు సగం ముందే తెలుసు, మిగతా సగం అమ్మమ్మ ఫోన్లో చెబుతుంది. చిక్కు వచ్చేది ఆదివాసీ పండుగల దగ్గరే. మేడారం, నాగోబా, కొత్త పండుగ అనే మాటలు మనలో చాలామంది వార్తల్లో విన్నవే తప్ప దగ్గరగా చూసినవి కావు. తెలియని చోట సినిమా వచ్చి కూర్చుంటుంది. వార్షికోత్సవానికి "ట్రైబల్ డాన్స్" పెడదామని ఎవరో ఒకరు అంటారు. ఆకుల లంగాలు, తలకు ఈకలు, ముఖానికి నల్లరంగు, "హుయ్ హుయ్" అనే కేకలు వెంటనే సిద్ధమైపోతాయి.

ముందుగా ఆ పని వద్దని మనవి. ఇది మర్యాద కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు, అది అబద్ధం కూడా. మేడారం వెళ్ళే కోయ ఆడపడుచు చీరే కట్టుకుంటుంది, చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది, పిల్లాడు హాస్టల్లో ఇంటర్ చదువుతుంటాడు. ఆమె మన పిల్లల కాలంలోనే బతుకుతోంది. ఆమెను పాతరాతియుగంలో నిలబెట్టి చూపిస్తే పిల్లలు నేర్చుకునేది పండుగ గురించి కాదు, ఒక మనిషిని తక్కువగా చూడడం ఎలాగో నేర్చుకుంటారు. "ఆటవికుడు", "అనాగరికం" లాంటి మాటలు మన నోట కూడా తెలియకుండా దొర్లిపోతుంటాయి. క్లాసులో వాటిని పక్కన పెట్టండి. "ఆదివాసులు" అనండి, అంతకంటే మేలు, పేరు పెట్టి చెప్పండి: కోయలు, గోండులు, కొలాములు, కొండరెడ్లు, బగతలు, చెంచులు. "కోయదొర" అంటే జాతకం చెప్పేవాడు అనుకునే పిల్లలూ ఉన్నారు, పెద్దలూ ఉన్నారు. కోయలు ఒక జాతి అని, వాళ్ళకో భాష ఉందని ఆ రోజే చెప్పేయండి.

ఇక మేడారం. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో, అడవి మధ్యలో ఉన్న చిన్న ఊరు. రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళకి నాలుగు రోజులు అక్కడ జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. పేపర్లు దీన్ని "తెలంగాణ కుంభమేళా" అంటుంటాయి. జనం ఎంత వస్తారో చెప్పడానికి ఆ పోలిక పనికొస్తుందేమో కానీ, పాఠానికి పనికిరాదు. మేడారంలో గుడీ గోపురం కాదు ముఖ్యం, విగ్రహం లేదు, వేదమంత్రం లేదు. గద్దెలున్నాయి. చిలకలగుట్ట మీది నుంచి కోయ పూజారులు, వడ్డెలు, సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెచ్చి గద్దె మీద నిలుపుతారు.

ఈ రాకపోకల క్రమాన్నే పిల్లలకు బొమ్మలా గీసి చూపించండి. మొదటిరోజు కన్నెపల్లి నుంచి కూతురు సారలమ్మ వస్తుంది. పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కొండాయి నుంచి సారలమ్మ భర్త గోవిందరాజు కూడా చేరుకుంటారు. రెండోరోజు సమ్మక్క దిగుతుంది. ఆమె రాకకు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతాడు. మూడోరోజు మొక్కులు. నాలుగోరోజు అందరూ తిరిగి అడవికి వెళ్ళిపోతారు. అంటే ఇది చెదిరిపోయిన ఒక కుటుంబం రెండేళ్లకోసారి కలుసుకునే నాలుగు రోజులు. హైదరాబాద్‌లో తాత, పిస్కాటవేలో మనవరాలు ఉన్న మన పిల్లలకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

బెల్లాన్ని అక్కడ "బంగారం" అంటారు. మొక్కుకున్నవాళ్ళు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని గద్దెల దగ్గర సమర్పిస్తారు. చిన్న తరగతుల్లో ఒక త్రాసు, కొన్ని బెల్లం ముక్కలు పెట్టి ఆడించవచ్చు. తర్వాత బెల్లం పంచేయండి, పాఠం గుర్తుండిపోతుంది.

కథ చెప్పేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో కరువొచ్చిందని, కప్పం కట్టలేమన్నందుకు సైన్యం వచ్చి పడిందని, పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ, గోవిందరాజు నేలకొరిగారని, కొడుకు జంపన్న సంపెంగవాగులో పడి చనిపోతే అది జంపన్నవాగు అయిందని, గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైందని కోయలు చెప్పుకుంటారు. ఇది నోటి మీదుగా వచ్చిన కథ. శాసనంలో ఉన్న చరిత్రలా తేదీలు వేసి చెప్పకండి, "కట్టుకథ" అని తీసిపారేయకండి. "కోయలు ఇలా చెప్పుకుంటారు" అన్న ఒక్క వాక్యం చాలు. మన పిల్లలు రామప్ప గుడి, వరంగల్ కోట పాఠాల్లో కాకతీయులను గొప్ప రాజులుగా చదువుతారు. అదే రాజ్యం పన్ను కట్టలేని అడవి వైపు నుంచి ఎలా కనిపించిందో ఈ పాఠం చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడించండి. పెద్ద తరగతుల పిల్లలు ఇక్కడే మంచి ప్రశ్నలు వేస్తారు.

నాగోబా జాతర ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో, పుష్య అమావాస్యకి. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళ పండుగ ఇది. వాళ్ళు కాలినడకన వెళ్ళి గోదావరిలో హస్తినమడుగు నుంచి నీళ్ళు తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే తంతు ఒకటి ఉంది, దాన్ని "భేటింగ్" అంటారు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆ దశకంలో మొదలైన దర్బారు ఇప్పటికీ జాతరలో భాగమే. అధికారులు వచ్చి కూర్చుంటారు, జనం భూమి గురించీ రోడ్ల గురించీ అడుగుతారు. పండుగలో అర్జీ పెట్టుకోవడమేమిటని అనిపించవచ్చు. అంత జనం ఒక్కచోట చేరేది అప్పుడే మరి.

పేపర్లలో తక్కువగా వచ్చేవి, నాకు మాత్రం పాఠానికి అన్నిటికంటే అనువుగా తోచేవి, కొత్త పండుగలు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు కొండల్లో ఏ పంట చేతికొచ్చినా, ఏ కాయ ముదిరినా ముందు దానికో పండుగ చేస్తారు. మామిడి కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, ఇలా. కొత్త కాయను ఊరి దేవతకూ పెద్దలకూ పెట్టేదాకా నోట్లో వేసుకోరు. చెట్టు నిండా మామిడికాయలు వేలాడుతున్నా సరే, పండుగ కాలేదంటే ముట్టరు. దీనివల్ల కాయ ముదిరేదాకా చెట్టున నిలుస్తుంది, ఎవరో ఒకరు ముందే దులిపేసుకోకుండా ఊరందరికీ ఒకేరోజు అందుతుంది. పిల్లలు "రూలా?" అని అడుగుతారు. రూలే. కాకపోతే రాసిపెట్టిన రూలు కాదు, పండుగ రూపంలో ఉన్న రూలు.

చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలకు పూజ చేసి పొలం పనులు మొదలుపెట్టే కాలం అది. మగవాళ్ళు వేటకు వెళ్తారు, ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ, వచ్చే పోయే బండ్ల వాళ్ళ దగ్గర పండుగ డబ్బులు వసూలు చేస్తారు. ఆ రోజుల్లో అరకు వెళ్ళిన టూరిస్టులు విసుక్కోవడం మామూలే. క్లాసులో దీన్ని నాటకంగా ఆడిస్తే పిల్లలు పకపకా నవ్వుతారు, ఆడించండి. ఆకుల లంగా మాత్రం అక్కర్లేదు.

ఏరుకొచ్చే పని కూడా చెప్పాలి, ఎందుకంటే అడవి కాలెండరంటే అదే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఇంటిల్లిపాదీ చీకటితో బుట్టలు పట్టుకుని వెళ్ళి, ఎండ ఎక్కకముందే ఏరుకొచ్చి ఆరబెడతారు. ఇప్పపువ్వంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది చాలామందికి. ఎండబెట్టిన పువ్వును వండుకుంటారు, ఆదిలాబాద్ వైపు లడ్డూలు చేస్తారు, గింజల నుంచి నూనె తీస్తారు. ఆ తర్వాత ఎండల్లో తునికాకు. మిగతా కాలాల్లో చింతపండు, కుంకుళ్ళు, కరక్కాయ, తేనె, అడ్డాకులు, కొండచీపుర్లు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి, విస్తరి కుట్టిన అడ్డాకు, తలంటుకున్న కుంకుడుకాయ ఎక్కడి నుంచి వచ్చేవో వాళ్ళకూ తెలియకపోవచ్చు. వీటిని కొనడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఏ నెలలో ఏం దొరుకుతుందో పన్నెండు గళ్ళ పట్టికగా పిల్లల చేత గీయించండి. ఆ పట్టిక జాగ్రత్తగా ఉంచండి, కాసేపట్లో మళ్ళీ కావాలి.

మనది భాష నేర్పే బడి కాబట్టి ఒక సంగతి తప్పక చెప్పాలి. గోండి, కోయ, కువి, కొండ భాషలు చెడిపోయిన తెలుగు కాదు. ద్రావిడ కుటుంబంలో తెలుగు చేరిన దక్షిణ-మధ్య శాఖలోనే అవీ ఉన్నాయి. తమిళం, కన్నడం కంటే అవే మనకు దగ్గరి చుట్టాలు. గోండిలో అంకెలు చదివించండి: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. ప్రాంతాన్ని బట్టి పలుకు కాస్త మారుతుంది. రెండో అంకె దగ్గరకు వచ్చేసరికే పిల్లల కళ్ళు మెరుస్తాయి. పండుగను బస్తర్ గోండులూ కోయలూ "పండుం" అంటారు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అని చెప్పినవాళ్ళు దాదాపు 30 లక్షలు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది. అయినా ఆ భాషలో బడి చదువు పూర్తిగా చదివే వీలు పిల్లలకు లేదు. బడికి వెళ్తే తెలుగు, హిందీ, మరాఠీ. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి, మెల్లగా ఇంటి భాష తగ్గిపోవడం. మన పిల్లలకు ఇంగ్లీషు ఏం చేస్తోందో, గోండు పిల్లలకు తెలుగు అదే చేస్తోంది. ఇది తల్లిదండ్రులుగా మనకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చెప్పాలి.

ఇప్పుడు పిస్కాటవేకి వద్దాం. పాఠం తాడ్వాయిలోనే ఆపేస్తే "ఆదివాసులు ఇండియాలో ఉంటారు" అని పిల్లలు రాసుకుంటారు. మనం ఉన్న ఈ నేల లెనాపేలది. రారిటన్ నది పేరు ఆ ప్రజల నుంచే వచ్చింది. ఒక పొరపాటు జరగకుండా చూడండి: పిల్లలు ఇంటర్నెట్‌లో "పిస్కాటవే తెగ" అని వెతికితే మేరీలాండ్‌లోని పిస్కాటవే ప్రజలు వస్తారు. వాళ్ళు వేరు, 2012లో మేరీలాండ్ రాష్ట్రం గుర్తించిన జాతి. 1666లో ఇక్కడ టౌన్‌షిప్ పెట్టిన వలసదారులు న్యూ హాంప్‌షైర్ దగ్గరి పిస్కాటక్వా నది వైపు నుంచి వచ్చారు, ఊరి పేరు అలా వచ్చిందంటారు. లెనాపేలను "డెలావేర్" అని కూడా రాస్తారు. అది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు, ఒక ఇంగ్లీషు ప్రభువు పేరు నదికి పెట్టి, నది పేరు మనుషులకు అంటించారు. "ఇండియన్" అన్న మాట దగ్గర మన పిల్లలు ఎలాగూ నవ్వుతారు. నవ్వనివ్వండి, కొలంబస్ సంగతి అక్కడే చెప్పేయవచ్చు.

లెనాపేల సంవత్సరం కూడా ఇప్పపువ్వులాంటి లెక్కే. వసంతంలో సముద్రం నుంచి షాడ్ చేపలు నదుల్లోకి ఎదురెక్కేవి, జనం ఏటి ఒడ్డున చేరి పట్టేవాళ్ళు. ఎండాకాలంలో తీరానికి వెళ్ళి ఆల్చిప్పలు, ఆకురాలు కాలానికి మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, అడవిలో గింజలు, చలికాలం వేట. పంట ఇంటికొచ్చాక పెద్ద ఇంట్లో పన్నెండు రాత్రులు కృతజ్ఞత చెప్పుకునే పండుగ ఉండేది, గమ్వింగ్ అని. పూర్తిగా జరిగిన చివరిది 1924లో. అదీ ఇక్కడ కాదు, ఓక్లహోమాలో. ఇక్కడి నేల చేతులు మారుతూ పోయింది. 1758లో బర్లింగ్‌టన్ కౌంటీలో బ్రదర్టన్ అనే చోట వాళ్ళకోసం దాదాపు 3,000 ఎకరాలు కేటాయించారు. 1802 నాటికి అదీ అమ్ముడుపోయింది. చాలామంది ఓక్లహోమా, విస్కాన్సిన్, కెనడాలోని ఒంటారియో చేరారు. కొందరు కదలలేదు. రామపో లెనాపేలు, నాంటికోక్ లెని-లెనాపేలు నేటికీ న్యూజెర్సీలోనే ఉన్నారు, రాష్ట్రం వాళ్ళను గుర్తించింది. "ఉండేవారు" అని కాదు, "ఉన్నారు" అని బోర్డు మీద రాయించండి. తెలుగులో కాలాలు నేర్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇందాకటి పన్నెండు గళ్ళ పట్టిక ఇప్పుడు తీయండి. జాన్ హెకెవెల్డర్ అనే మిషనరీ లెనాపేలతో ఏళ్ళ తరబడి బతికి, 1819లో పుస్తకం అచ్చువేశాడు. అందులో ఒక చిన్న సంగతి రాశాడు. సముద్రతీరాన ఉన్నప్పుడు వాళ్ళు మార్చి నెలను షాడ్ చేప నెల అనేవాళ్ళు. పడమటికి తరలిపోయాక అక్కడి ఏళ్ళలో ఆ చేప లేదు. అందుకని ఆ నెలకు, చెట్ల నుంచి తీపి రసం కారే నెల అని పేరు మార్చుకున్నారు. నేల పోతే నెల పేరు కూడా పోయింది. మన నెలల పేర్లు అలా పోలేదు. ఎందుకంటే అవి నక్షత్రాల పేర్లు, మఖ దగ్గర పున్నమి వస్తే మాఘం, చిత్త దగ్గర వస్తే చైత్రం. ఆకాశం ఇక్కడా అదే. అందుకే ఉగాది పిస్కాటవేకి కూడా వచ్చేస్తుంది. వేపపువ్వు మాత్రం రాదు. మామిడికాయ ఓక్ ట్రీ రోడ్డులో కొనుక్కుంటాం. బతుకమ్మకు తంగేడు, గునుగు దొరకవు, దుకాణంలో చామంతులు కొంటాం. ఆ రోజుల్లోనే రోడ్ల పక్కన పసుపుపచ్చగా గోల్డెన్‌రాడ్ పూసి ఉంటుంది, దానికేసి చూడము.

పిల్లల చేత రెండో పట్టిక గీయించండి: పిస్కాటవేలో ఏ నెలలో కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? జాన్సన్ పార్కుకి తీసుకెళ్ళి రారిటన్ ఒడ్డున నిలబెట్టి రాయిస్తే ఇంకా మంచిది. 2011, 2013 మధ్య ఈ నది మీద మూడు పాత ఆనకట్టలు తీసేశారు, షాడ్ లాంటి చేపలు మళ్ళీ పైకి రావాలనే. తెలుగు నెల పేరు ఒక వైపు, ఇక్కడి రుతువు ఒక వైపు రాసి, మార్చి గడిలో "షాడ్ నెల" అని లెనాపేల పేరు కూడా చేర్చమనండి. కృతజ్ఞత చెప్పడానికి లెనాపే భాషలో "వనిషి" అంటారు. ఓక్లహోమాలోని డెలావేర్ తెగ వాళ్ళు తమ పెద్దల గొంతులు రికార్డు చేసి, మాట్లాడే నిఘంటువును అందరికీ అందుబాటులో పెట్టారు. నోరా థాంప్సన్ డీన్ వంటి పెద్దలు 1984కి ముందే తమ భాషను దాచిపెట్టి వెళ్ళారు కాబట్టే ఈ మాట ఈ రోజు వినగలుగుతున్నాం. క్లాసులో వినిపించండి.

పెద్ద తరగతిలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మరి మనవాళ్ళు ఎటువైపు?" దాటవేయకండి. మైదానం నుంచి వెళ్ళిన షావుకార్లు, రైతులు ఏజెన్సీలో ఆదివాసీ భూములు ఎలా చేజిక్కించుకున్నారో, దాన్ని ఆపడానికి 1959లో, మళ్ళీ 1970లో చట్టం ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పండి. ఆ రెండోదాన్నే జనం "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. నాగోబా జాతర జరిగే ఇంద్రవెల్లిలోనే, భూమి కోసం సభకు చేరిన గోండుల మీద 1981 ఏప్రిల్ 20న పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడ స్తూపం ఉంది. చిన్నపిల్లలకు ఇది అక్కర్లేదు, పద్నాలుగేళ్ళ వాళ్ళకు చెప్పవచ్చు. బడిలో ఓక్లహోమాకు తరలించిన కథలు వాళ్ళు ఎలాగూ చదువుతున్నారు. "ఇక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు, మనం కాదు" అని ఇంటికి వెళ్ళకూడదు.

ఆగస్టు 9 ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఆదివాసీ దినోత్సవం, నవంబరు అమెరికాలో నేటివ్ అమెరికన్ వారసత్వ మాసం. మన బడి ఏడాదిలో నవంబరు వీలుగా ఉంటుంది, మాఘంలో మేడారం పాఠంతో మళ్ళీ అందుకోవచ్చు. తల్లిదండ్రులు పిల్లలను చూపించడానికి తీసుకెళ్ళాలంటే, నాంటికోక్ లెని-లెనాపేలు ఏటా జూన్‌లో సేలం కౌంటీ సంతమైదానంలో పౌవౌ జరుపుతుంటారు, బయటివాళ్ళు కూడా వెళ్ళవచ్చు. కారులో రెండు గంటలు పట్టవచ్చు. మడత కుర్చీలు, మంచినీళ్ళు, టోపీలు తీసుకెళ్ళండి. వాళ్ళు వేసుకునేది కాస్ట్యూమ్ కాదు, "రెగేలియా" అనాలి. ఈకలను ముట్టుకోకూడదు. కొన్ని పాటలకు ఫోటోలు తీయకూడదని మైకులో చెబుతారు, అప్పుడు ఫోన్లు దించేయాలి. నిలబడమంటే నిలబడాలి. అందరినీ ఆడమని పిలిచే పాట ఒకటో రెండో వస్తాయి. అప్పుడు మాత్రం పిల్లలను ఆపకండి, వలయంలోకి పంపించి మీరు కూడా వెళ్ళండి.